1998: జపాన్ పాటల పంట పండిన ఏడు

స్వర్ణయుగం ఎప్పుడంటే మనం ఎన్టీఆర్-ఘంటసాల రోజులనో, ఇళయరాజా రోజులనో వాదించుకుంటాం గానీ తేల్చం. జపాన్ వాళ్ళు మాత్రం, కనీసం అమ్మకాల మటుకు, ఏడాదితో సహా చెప్పగలరు. 1998లో అక్కడ తయారైన సీడీలు, కేసెట్ల విలువ సుమారు 60 వేల కోట్ల యెన్లు. ఆ అంకె అంతకు ముందు లేదు, మళ్ళీ రాలేదు. (నాకప్పటికి మాటలు కూడా సరిగ్గా రావు. ఇదంతా తర్వాత తవ్వుకున్నదే.)

మనకి పాటంటే సినిమా పాట. అక్కడ పాటని మోసేది టీవీ సీరియళ్ళు, యాడ్‌లు. దాన్ని 'టై-అప్' అంటారు. యాడ్‌లో పదిహేను సెకన్లు వినబడిన పాటని కరవోకెలో పాడాలంటే ముందు నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే సీడీ కావాలి. పైగా కొత్త సీడీ ధర కంపెనీ చెప్పిందే, కొట్టువాడు తగ్గించి అమ్మడానికి లేదు. కాబట్టి ఆ అంకెలన్నీ సంగీతం గొప్పదనమే అంటే నేనొప్పుకోను. సగం ఘనత ఆ ఏర్పాటుదే.

ఏర్పాటు ఎంత జోరు మీదుందంటే, గ్లే అనే రాక్ బ్యాండ్ ఏప్రిల్ 29న ఒకేసారి రెండు సింగిల్స్ దింపింది. జూలై 8న లార్క్-ఆన్-సియెల్ వాళ్ళు ఏకంగా మూడు! బీజ్ వాళ్ళ పాత హిట్లన్నీ కలిపి వేసిన ఆల్బమే 50 లక్షలు దాటింది.

అయితే అదే ఏడు మే 2న హిదే పోయాడు. ఎక్స్ జపాన్ గిటారిస్టు, వయసు 33. బ్యాండ్ చివరి కచేరీ 1997 డిసెంబరు 31న టోక్యో డోమ్‌లో జరిగి నాలుగు నెలలే అయింది. త్సుకిజి హోంగాంజి గుడిలో అంత్యక్రియలకి దాదాపు 50 వేల మంది వచ్చారు. మే 13న విడుదలైన అతని 'పింక్ స్పైడర్' చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. రంగుల జుట్టు, మేకప్‌లతో ఊగిపోయిన ఆ రాక్ తరానికి ఇది పెద్ద దెబ్బే.

నన్నడిగితే 1998ని గుర్తుపెట్టుకోవాల్సింది అమ్మకాలకి కాదు, కొత్తగా వచ్చినవాళ్ళకి. అంతకు ముందు రాజ్యం నిర్మాతలది. 1996 ఏప్రిల్‌లో ఒక వారం ఓరికాన్ చార్టులో మొదటి అయిదు పాటలూ కొమురో తెత్సుయా ఒక్కడివే! పాడేవాళ్ళు ఎవరైనా ముద్ర ఆయనదే. 1998లో వరసగా దిగినవాళ్ళు చూడండి: ఫిబ్రవరిలో మిసియా, ఏప్రిల్‌లో హమసాకి అయుమి, మేలో షీనా రింగో, జూలైలో ఐకో, డిసెంబరు 9న ఉతాడా హికారు. హమసాకి తన పాటలకి సాహిత్యం తనే రాసుకుంది. షీనా రింగో, ఐకో, ఉతాడా అయితే మాటా, బాణీ రెండూ సొంతమే. అందులో ఉతాడా వయసు 15! న్యూయార్క్‌లో పుట్టి, అమెరికన్ ఆర్ అండ్ బీ విని పెరిగిన గొంతు. అమ్మ ఫుజి కేకో ఎంకా పాటలకి పేరు మోసిన గాయని.

1999 మార్చిలో వచ్చిన ఉతాడా ఆల్బం 'ఫస్ట్ లవ్' జపాన్‌లోనే 70 లక్షలు దాటింది, అక్కడ ఆ రికార్డుని ఇంకెవరూ కొట్టలేదు. అదే ఏడు జూన్‌లో అమెరికాలో నాప్‌స్టర్ మొదలైంది.

అన్నట్టు, ఉతాడా తొలి సింగిల్ 'ఆటోమేటిక్' రెండు సైజుల్లో వచ్చింది. ఒకటి అప్పటిదాకా వాడుకలో ఉన్న 8 సెంటీమీటర్ల బుల్లి సీడీ, రెండోది మామూలు 12 సెంటీమీటర్లది. తర్వాత కొన్నేళ్ళకే ఆ బుల్లి సీడీ కొట్లలోంచి దాదాపు మాయమైపోయింది.