విజయనగరం రైల్వే జంక్షన్ – సవర చిత్రకళ ప్రదర్శనకు మెలకువలు

విజయనగరం: ఉత్తరాంధ్ర గిరిజన కళలలో సవర చిత్రకళ ప్రముఖమైనది. రైల్వే స్టేషన్ వంటి బహిరంగ ప్రదేశంలో ఈ కళను ప్రదర్శించుటకు గోడ, రంగులు మాత్రమే చాలవు. తగిన వెలుగు, చిత్రకారుని పేరు, చిత్రం అర్థం తెలిపే ఫలకం కూడా అవసరం.

కళా నేపథ్యం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాల కొండ గ్రామాలలో సవరలు నివసిస్తున్నారు. వీరి మాతృభాష ముండా కుటుంబానికి చెందినది. ఎర్రమట్టి పూసిన ఇంటి గోడపై బియ్యప్పిండి రంగుతో, పుల్లను కుంచెగా చేసుకొని సూర్యచంద్రులను, ఏనుగులను, గుర్రాలను, చెట్లను, మనుష్యులను చిత్రించుట వీరి ఆచారం. ఒడిశాలో ఈ చిత్రాన్ని ఇడితల్ అంటారు. ఇది కేవలం అలంకారం కాదు. పితృదేవతలను, దైవాలను ఆహ్వానించి పూజించే చిత్రం. వెర్రియర్ ఎల్విన్ 1955లో సవరల మతంపై ప్రచురించిన గ్రంథంలో ఈ చిత్రాలను వివరించారు.

విజయనగరం ప్రాముఖ్యం

1931లో పూర్తయిన రాయపూర్ రైలు మార్గం పార్వతీపురం మీదుగా సాగుతుంది. హౌరా–చెన్నై ప్రధాన మార్గాన్ని ఈ మార్గం కలిసే విజయనగరం జంక్షన్ మన్యం ప్రయాణికులకు ముఖద్వారం వంటిది. అమృత్ భారత్ పథకం క్రింద 2023 ఆగస్టు 6న పునరభివృద్ధికి శంకుస్థాపన జరిగిన 508 స్టేషన్లలో ఇది ఒకటి. స్థానిక కళతో స్టేషన్లకు గుర్తింపు లభించిన ఉదాహరణలు దేశంలో ఉన్నాయి. 2018లో రైల్వే శాఖ నిర్వహించిన సుందరీకరణ పోటీలో బల్హార్షా, చంద్రపూర్ స్టేషన్లు ప్రథమ స్థానంలోను, మధుబని స్టేషన్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి.

వెలుగు, అమరిక

* నీలి ఛాయ గల తెల్లని వెలుగులో ఎర్రమట్టి రంగు వెలవెలబోతుంది. 3,000 కెల్విన్ల పసుపు ఛాయ గల ఎల్.ఇ.డి. దీపాలు, రంగులను యథాతథంగా చూపే సూచిక 90కి పైబడినవి అనుకూలం.
* దీపాలను పైనుండి సుమారు 30 డిగ్రీల వాలులో అమర్చినచో చూపరుల నీడ చిత్రంపై పడదు. అద్దం, మెరిసే వార్నిష్ వెలుగును కళ్లలోకి ప్రతిఫలింపజేస్తాయి గనుక వాటిని వాడరాదు.
* సహజ రంగులతో వేసిన అసలు చిత్రాలపై వెలుగు 50 లక్స్‌లకు మించరాదు. వాటికి ఎండ సోకని వెయిటింగ్ హాలు అనువైనది.
* గోడపై నేరుగా గాక విడదీయగల పలకలపై చిత్రించినచో, మరమ్మతుల సమయంలో చిత్రాలు చెరిగిపోవు. సామాను, చేతులు తగలని ఎత్తులో పలకలను బిగించాలి.

సవరల అభిప్రాయమే ప్రధానం

పూజకు ఉద్దేశించిన రూపాలలో ఏవి బహిరంగ గోడకు తగునో, ఏవి తగవో సవర పెద్దలే నిర్ణయించుట సముచితం. చిత్రకారులకు పారితోషికం చెల్లించి, వారి పేరును, గ్రామాన్ని ఫలకంపై పేర్కొనాలి. తెలుగు, హిందీ, ఆంగ్లాలతోపాటు సవర భాషలోను వివరణ ఉన్నచో, పార్వతీపురం వైపు నుండి వచ్చి దిగిన సవర ప్రయాణికులు ఆ చిత్రాన్ని తమదిగా గుర్తించగలరు.