పార్శిల్లో వచ్చిన పడక



బాపట్లలో చదువుకుంటున్న మా అమ్మాయి మొన్న శెలవలకి తెనాలి వచ్చి, "అమ్మా, స్నేహితురాళ్ళతో హిమాలయాలకి ట్రెక్కింగుకి వెడుతున్నాను. స్లీపింగ్ బ్యాగు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నా" అంది. ఒంటికి చుట్టుకునే వస్తువుని చేత్తో తడిమి చూడకుండా కొంటారుటే అన్నాను. రేపల్లెలో మా అమ్మ అయితే, మనవరాలి కోసం అటక మీంచి నాన్నగారి హోల్డాలు దింపించింది. మందపాటి కాన్వాసు, తోలు పట్టీలు. ఖాళీదే మొయ్యలేం!

పడకా, గూడూ వెంటబెట్టుకుని ప్రయాణం చెయ్యటం మనకి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. డేరాలు, పల్లకీలు, బోయీలు, నూరుమంది దాకా పరివారం. తరవాత రైళ్ళొచ్చాయి. మా రేపల్లె లైను 1916 నాటిది. డేరా పోయింది, హోల్డాలు మిగిలింది.

ఇక చూడకుండా కొనే సంగతి. బ్రిటన్‌లోని వేల్సులో, న్యూటౌన్ అనే ఊళ్ళో ప్రైస్ జోన్స్ అని ఉన్నిబట్టల వర్తకుడుండేవాడు. సరుకుల జాబితాలు అచ్చువేసి ఊరూరా పంపి, కావాలని రాసినవారికి రైల్లో, పోస్టులో బట్టలు చేరవేసేవాడు. విక్టోరియా రాణీ, ఫ్లారెన్స్ నైటింగేలూ ఆయన ఖాతాదార్లే. మనిషి లోపల దూరి పడుకునే ఉన్ని రగ్గుకి 1876లో పేటెంటు తీసుకున్నదీ ఆయనే. టర్కీతో యుద్ధంలో ఉన్న రష్యా సైన్యం 60,000 కావాలంది. తీరా ప్లెవ్నా పట్టణం ముట్టడి ముగిసేసరికి మిగిలినవి వద్దంది. పాపం, 17,000 రగ్గులు ఆయన నెత్తిన పడ్డాయి! వాటినీ జాబితాలోకెక్కించి అమ్ముకున్నాడు. చూశారా, పోస్టు బేరమూ స్లీపింగ్ బ్యాగూ ఒక్క కొట్లోనే పెరిగాయన్నమాట.

మనదేశంలో వి.పి.పి. పెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1877లో. పోస్టుమాన్‌కి డబ్బు కట్టాక గాని మూట విప్పటానికి లేదు. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి అదే పెద్దక్క.

మా పార్శిలూ వచ్చింది. అమ్మకందారు బొమ్మ పక్కన "మైనస్ 10 డిగ్రీలు" అని పెద్దక్షరాలతో వేశాడు. లోపలి చీటీ చదివితే మూడంకెలున్నాయి: కంఫర్ట్ 7, లిమిట్ 3, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 10. ఈ లెక్క 2002లో ఐరోపావారు పెట్టిన ప్రమాణంతో వచ్చింది. వేడెక్కే బొమ్మమనిషిని సంచిలో పడుకోబెట్టి కొలుస్తారు. కంఫర్ట్ అంటే ఆడమనిషి హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ మగవాడికి, అదీ ముడుచుకుని పడుకుంటే. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట దేవుడెరుగు, ప్రాణం నిలిస్తే చాలునన్న లెక్క! ఆడవాళ్ళకి చలి ఎక్కువని ఇంట్లో ఫ్యాను స్విచ్చి దగ్గర మనం పోట్లాడే మాటని శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారన్నమాట.

మైనస్ 10 నమ్మి మంచులో పడుకుంటే పిల్ల గతేంకాను? ఆ సంచి తిప్పి పంపించాం. రెండోసారి అమ్మాయి పక్కన నేనూ కూచున్నాను. కంఫర్ట్ అంకె సున్నా కన్నా దిగువన ఉన్నది దొరికేదాకా డబ్బు కట్టనివ్వలేదు. ధర రెట్టింపయింది, అయినా సరేనన్నాను.

అది రేపల్లె తీసుకెళ్ళి చూపిస్తే, అమ్మ అందులో కాళ్ళు దూర్చి రెండు నిమిషాల్లో చెమటలు కక్కుతూ బయటికొచ్చేసింది. "దీన్లో పిల్ల వెచ్చగానే ఉంటుందిలే" అంటూ హోల్డాలు మళ్ళీ అటకెక్కించమంది.