అంబత్తూరులో అద్దె ఇల్లు: అద్దె పెంపు, ఒప్పందపు గడువు, అడ్వాన్సు

అరక్కోణం రైలు మార్గంలో చెన్నైకి ముందు వచ్చే అంబత్తూరు మన సరిహద్దు పల్లెలకు కొత్త ఊరు కాదు. 1960ల నాటి పారిశ్రామికవాడ అక్కడ ఉన్నది. 2011లో ఆ పురపాలక సంఘం చెన్నై మహానగర పాలక సంస్థలో విలీనమైనది. పనికై అక్కడికి వెళ్లిన మనవారికి మొదట ఎదురయ్యే చిక్కు అద్దె ఇల్లే.

న్యాయమైన అద్దె ఎంత? తమిళనాడు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం దీనికి ఒక లెక్క చెప్పినది. స్థలం విలువ, తరుగుదల పోగా కట్టడపు విలువ కలిపి, నివాస గృహమైతే అందులో ఏడాదికి 9 శాతం, వ్యాపార భవనమైతే 12 శాతం. పది లక్షల రూపాయల ఇంటికి ఏడాదికి తొంభై వేలు, అనగా నెలకు 7,500 రూపాయలు. లెక్క చక్కనిదే కాని, దానికై న్యాయస్థానం మెట్లెక్కగల కూలి కుటుంబాలు ఎన్ని?

2019 ఫిబ్రవరి 22 నుండి ఆ చట్టం స్థానంలో 2017 నాటి కొత్త చట్టం అమలులోనికి వచ్చినది. ఇందులో శాతాల లెక్క లేదు. ఉభయులు వ్రాసుకున్నదే అద్దె. పెంపు కూడా ఒప్పందం ప్రకారమే. కనుక న్యాయమంతా ఆ కాగితంలోనే ఉన్నది. ఆ కాగితమో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తమిళం ధారాళంగా మాట్లాడే మనవారిలో చాలామందికి ఆ లిపి రాదు. ‘ఒప్పందం’ అన్న మాట రెండు భాషలలోనూ ఒకటే అయినా, చదివించుకోకుండా సంతకం చేయరాదు. ఏటా ఎంత పెంచుతారో అంకెలలో వ్రాయించుకొనవలెను.

పదకొండు నెలల పత్రమైతే రిజిస్ట్రేషను అక్కరలేదన్నది పాత అలవాటు. కొత్త చట్టం ప్రకారం గడువు ఎంతైనా ఒప్పందం లిఖితంగా ఉండవలెను. అద్దె ప్రాధికారి వద్ద నమోదు కావలెను. వ్రాతపూర్వక ఒప్పందం లేకపోవడమే ఖాళీ చేయించడానికి ఒక కారణం కాగలదని గమనించగలరు.

గడువు ముగియక ముందే పొడిగింపు కోరవచ్చును. కొత్త ఒప్పందం కుదరక, ఇల్లు ఖాళీ చేయకపోతే, పాత షరతులపైనే నెలనెలా కొనసాగినట్లు చట్టం భావిస్తుంది. అది గరిష్ఠంగా ఆరు నెలలే. ఈలోగా నీళ్లు, కరెంటు ఆపి వెళ్లగొట్టడం చట్టవిరుద్ధం.

ఇక అడ్వాన్సు. పది నెలల అద్దె ముందుగా తీసుకోవడం చెన్నైలో చిరకాల వాడుక. చట్టం చెప్పేది మూడు నెలలు, అదీ వేరే విధంగా వ్రాసుకోనప్పుడు. ఎనిమిది వేల అద్దెకు ఎనభై వేలకు, ఇరవై నాలుగు వేలకు మధ్య తేడా ఒక పాడి ఆవు ధర! వెళ్లేటప్పుడు రంగుల పేరిట ఒక నెల అద్దె మినహాయించుకోవడం మరొక వాడుక. ఒప్పందంలో వేరుగా వ్రాయకపోతే సున్నం, రంగులు యజమాని బాధ్యతలే.

చివరగా, ‘లీజుకు’ అన్న బోర్డు చూసి తొందరపడరాదు. అక్కడ దాని అర్థం తరచుగా భోగ్యం: లక్షలు ఒక్కసారి కట్టి, అద్దె లేకుండా ఉండడం. ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంటే సొమ్ము తిరిగి రావడం కష్టం. డబ్బు చేతికివ్వక ముందే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించి చూసుకొనవలెను.