బొమ్మ బతకాలి, బిల్లు తగ్గాలి

చిత్రకళా మ్యూజియాల్లో వెలుతురు చరిత్ర అంటే మూడు పక్షాల తగాదా. చూసేవాళ్లకు వెలుతురు కావాలి, బొమ్మకు చీకటే క్షేమం, ఖర్చు భరించేవారికి చౌకగా రావాలి. ముగ్గురికీ ఒకేసారి కుదరడం అరుదు.

మొదట్లో దీపం ఊసే లేదు. లండన్ శివారు డల్విచ్‌లో 1817లో జనానికి తెరిచిన గ్యాలరీకి వాస్తుశిల్పి జాన్ సోన్ కప్పులోనే అద్దాల కిటికీలు పెట్టాడు. గోడలన్నీ బొమ్మలకు మిగిలాయి, వెలుతురు పైనుంచి ఉచితంగా దిగింది. కానీ పొద్దుగూకితే తలుపులు మూయాల్సిందే. పగలంతా పనిచేసేవాడికి బొమ్మ చూసే యోగం లేదన్నమాట.

ఆ అడ్డు తీసింది సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం, నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్. 1857 నుంచి ఆ మ్యూజియం అధిపతి హెన్రీ కోల్ అక్కడ గ్యాసు దీపాలు వెలిగించి సాయంత్రాలు కార్మికులను లోపలికి పిలిచాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు గొప్పగా తోచే ఘట్టం ఇదే. అయితే గ్యాసు మంట వేడినీ తేమనీ గంధకపు వాయువులనూ వదులుతుంది. బొమ్మలకు చేటేమోనని పరిశీలించడానికి వేసిన సంఘంలో మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త ఉన్నాడు. గాలి బాగా ఆడితే ఫర్వాలేదని 1859లో తేల్చారు.

కరెంటు వచ్చాక పొగ బాధ పోయింది. కానీ అసలు ముద్దాయి వెలుతురేనని శాస్త్రవేత్తలు రసెల్, అబ్నీ 1888 నివేదికలో నీటిరంగుల మీద ప్రయోగాలతో చూపించారు. మన కలంకారీయే అందుకు సాక్ష్యం. కోరమాండల్ తీరం నుంచి విదేశాలకు వెళ్లిన పాత వస్త్రాలు చాలావాటిలో ఆకులు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. నీలిమందు మీద పసుపు వర్ణం అద్ది ఆకుపచ్చ తెచ్చేవారు మరి! పసుపు వెలిసిపోయింది, నీలం మిగిలింది.

తర్వాత వచ్చిన ట్యూబులైట్లు కరెంటు ఆదా చేశాయి గానీ అతినీలలోహిత కిరణాలు చిమ్మాయి, వాటికి తొడుగులు తొడగాల్సి వచ్చింది. బట్టలు, నీటిరంగుల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించవద్దన్న కొలతకు ప్రచారం తెచ్చింది మ్యూజియం వస్తువుల సంరక్షణ శాస్త్రవేత్త గ్యారీ థామ్సన్ 1978లో రాసిన పుస్తకం. హేలోజన్ బల్బులు రంగుల్ని అందంగా చూపించాయి, కానీ అవి తీసుకునే కరెంటులో అత్యధిక భాగం వేడిగానే పోయేది. ఆ వేడిని బయటికి తోడటానికి ఏసీ ఇంకా కరెంటు తాగేది. ఒకే తప్పుకి రెండు జరిమానాలు!

ఎల్‌ఈడీతో లెక్క మారింది. వాటికన్ సిస్టీన్ చాపెల్‌లో 2014లో దాదాపు 7,000 ఎల్‌ఈడీలు అమర్చారు. మైకెలాంజెలో బొమ్మలు మునుపటికన్నా స్పష్టంగా కనబడ్డాయి, కరెంటు వాడకం బాగా తగ్గింది. ఇంకో సంగతి: బొమ్మకు జరిగే నష్టం వెలుతురు తీవ్రతతో పాటు అది పడిన గంటలను బట్టి కూడా ఉంటుంది. మనిషి లేనప్పుడు దీపం ఆర్పే సెన్సరు పెడితే బొమ్మ ఆయుష్షు పెరుగుతుంది, బిల్లూ తగ్గుతుంది. ఖర్చు చూసుకునే గుమాస్తా, బొమ్మను కాపాడే క్యురేటరు ఒకే మాట మీదికి రావడం విశేషం.

చిన్న ఊళ్లలో చిత్రశాలలు నడిపేవారికి ఒక విన్నపం: పెద్ద ఏసీ కొనేముందు పాత హేలోజన్లు మార్చండి. చౌక ఎల్‌ఈడీల్లో రంగులు పాలిపోయినట్టు కనిపించవచ్చు కాబట్టి, దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే రంగుల సూచీ (సీఆర్ఐ) 90కి తగ్గనివే అడగండి.