జొన్న బీరు, డర్బన్ చట్టము

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది. అటుపిమ్మట నేటాల్‌కు వచ్చిన తెలుగువారికి ఇక్కడ తెలిసిన ధాన్యమొకటి కనిపించినది. అది జొన్న. మనము దానితో రొట్టె, సంకటి చేసుకున్నాము. జులూ స్త్రీలు బీరు చేసేవారు.

జొన్నలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి దంచుతారు. ఆ పిండిని జావ కాచి పులియబెడతారు. మొలకలోని గుణము వలన పిండి చక్కెరగా మారును. ముందు పులుపు, తరువాత మత్తు. (మా ఇంటి అంబలి కూడా పులిసేది, పులుపు దగ్గరే ఆగేది!) గడ్డితో అల్లిన జల్లెడలో వడగట్టి మట్టికుండలో పోస్తారు. జర్మనుల లాగర్ బీరు చల్లని చోట వారాల తరబడి నిలువ ఉండి పక్వమగును. 'లాగర్' అంటేనే నిలువ. జొన్న బీరు అట్లు ఆగదు, పొంగుతుండగానే రెండు మూడు రోజులలో త్రాగవలెను.

1908 చట్టముతో ఈ బీరు కాచి అమ్మే హక్కు పురపాలక సంఘముల గుత్త అయినది. ఆ లాభముతోనే డర్బన్ నగరము ఆఫ్రికనులపై పాలన నడిపినది. ఇంట కాచిన స్త్రీ నేరస్థురాలు. పోలీసులకు భయపడి పీపాలను భూమిలో పాతిపెట్టేవారు.

కేటో మేనర్‌లో మనవారికి భూములుండేవి. అక్కడ గుడిసెలు వేసుకున్న ఆఫ్రికనులు మనకు అద్దె కట్టేవారు. ఆ అద్దెలో బీరు డబ్బు కూడా ఉన్నదని మేము చెబితే కొందరు పెద్దలకు నచ్చదు. అయినా చెప్పక తప్పదు.

1959 జూన్‌లో కేటో మేనర్ స్త్రీలు పురపాలక బీరుశాలలో చొరబడి, పురుషులను తరిమి, బీరు పారబోశారు. పోలీసులు లాఠీలతో కొట్టారు. కొద్ది సంవత్సరములలోనే ఆ ఊరు ఖాళీ చేయించబడినది. వారు క్వామాషుకు, మనవారిలో అనేకులు చాట్స్‌వర్త్‌కు వెళ్ళారు.