పది కుండల పూతరేకులు

మన కోనసీమలో ఆత్రేయపురం పూతరేకులంటే తెలియనివారుండరు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద సెగ, పలచని పిండిలో ముంచిన గుడ్డతో పైన ఒక్క లాగు, రేకు సిద్ధం! కానీ పెళ్లివారు వేలకొద్దీ రేకులు అడిగితే? మంట పెంచితే రేకు మాడుతుందే గాని పని సాగదు. పదిమంది చేత పది కుండలు పెట్టించాల్సిందే.

కంప్యూటర్ల చరిత్రలోనూ ఇదే జరిగింది. 1956లో ఐ.బి.ఎం. వారు డిస్కులున్న తొలి యంత్రం 'రామాక్' తెచ్చారు. రెండడుగుల పళ్లేలు యాభై. వాటిలో పట్టింది యాభై లక్షల అక్షరాలు. పళ్లెం తిరగాలి, చదివే చెయ్యి వెతుక్కుంటూ వెళ్లాలి, అప్పుడు గాని అక్షరం దొరకదు. లెక్కలు చేసే భాగం ఏటేటా పరుగు పెంచుకుంది గాని, పాపం, డిస్కు ఆ పరుగు అందుకోలేకపోయింది.

1986లో సేలెం, గార్సియా మొలీనా అనే ఇద్దరు 'డిస్క్ స్ట్రైపింగ్' అని వ్యాసం రాశారు. పేరు చూసి జడుసుకోకండి, మన చారల చీరలోని చారలే! ఫైలును ముక్కలు చేసి మొదటి ముక్క మొదటి డిస్కులో, రెండోది రెండోదానిలో, అలా నాలుగయ్యాక మళ్లీ మొదటిదానిలో పెడతారు. చదివేటప్పుడు నాలుగూ ఒకేసారి అందిస్తాయి గనుక పెద్ద ఫైలు దాదాపు నాలుగో వంతు కాలంలో వచ్చేస్తుంది. చిన్న చీటీ అయితే ఈ హంగామా వల్ల ఒరిగేదేమీ లేదు. చుట్టానికి రెండు రేకులు పెట్టడానికి పది కుండలెందుకు? 1989లో ఇలాంటి డిస్కుల వరసలను బేరీజు వేసినవారిలో ఎ.ఎల్. నరసింహారెడ్డి అనే మన తెలుగు పేరూ కనిపిస్తుంది.

అయితే ఒక కుండ పగిలితే దాని రేకులే పోతాయి. ఇక్కడ అలా కాదు. ఒకే ఉత్తరాన్ని మాట విడిచి మాట నాలుగు కాగితాల మీద రాశారనుకోండి. ఒకటి ఎలుక కొట్టేస్తే మిగిలిన మూడూ ఎందుకు? 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ లెక్క కట్టారు. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు పనిచేసినా, వంద కలిపితే 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. రెండు వారాలైనా కాదు!

వాళ్లు చెప్పిన మందుల్లో ఒకటి మన ఇంటి పద్దులాంటిదే. పాలు, కూరలు, బియ్యం రాసి కింద మొత్తం వేస్తాం. కూరల పద్దు మీద నూనె ఒలికినా, మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే తేలిపోతుంది. అలాంటి లెక్కనొకదాన్ని డిస్కుల్లో అదనంగా దాచారు. ఆ లెక్క లేకుండా ఒట్టి వేగానికే చారలు తీర్చే పద్ధతికి 'రైడ్ సున్నా' అని పేరు. నిజాయితీగా పెట్టారు! సినిమా ముక్కలు అతికేవారికి అది హాయిగా సరిపోతుంది. అమ్మాయి పెళ్లి ఫొటోలు మాత్రం, ఇంకోచోట నకలు లేకుండా, అందులో పెట్టకండి.