తుపానులోకి జారవిడిచే అట్టగొట్టం

మూరకు కాస్త తక్కువ పొడవు, నాలుగు వందల గ్రాములకు మించని బరువు. పైన అట్టగొట్టం, లోపల ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే సెన్సర్లు, ఒక జీపీఎస్, ఒక చిన్న రేడియో, బ్యాటరీ. దీని పేరు డ్రాప్‌సోండ్. తుపాను మీద ఎగిరే విమానంలోంచి దీన్ని కిందికి వదలగానే చిన్న పారాచూట్ విచ్చుకుంటుంది. గాలి ఎటు నెడితే అటు కొట్టుకుపోతుంది. ఆ కొట్టుకుపోవడమే గాలి వేగానికి కొలత. సెకనుకు రెండుసార్లయినా కబురు పంపుతూ, నిమిషాల్లో సముద్రంలో కలిసిపోతుంది.

దీనికి అన్న రేడియోసోండ్. 1929లో ఫ్రాన్స్‌లో రోబేర్ బ్యూరో బెలూనుకు రేడియో పరికరం కట్టి పైకి పంపారు. విశాఖపట్నం, మచిలీపట్నంలో వాతావరణ శాఖ ఎగరేసే బెలూన్లదీ ఆ వంశమే. కానీ తుపాను పుట్టేది నడిసముద్రంలో. అక్కడ బెలూను ఎగరేసేదెవరు? అందుకే పైనుంచి కిందికి వదిలే ఉపాయం పుట్టింది.

అంతకుముందే మనుషులు తుపానులోకి వెళ్లారు. 1943 జూలై 27న అమెరికా సైనికాధికారి జోసెఫ్ డక్‌వర్త్, టెక్సస్ తీరాన, హరికేన్ అని అక్కడ పిలిచే తుపాను కంటిలోకి ఒంటి ఇంజను శిక్షణ విమానాన్ని నడిపి క్షేమంగా తిరిగొచ్చారు. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 1955లో జానెట్ హరికేన్‌లోకి వెళ్లిన నౌకాదళ విమానం పదకొండు మందితో సహా మాయమైంది. ప్రాణాలకు తెగించినా, మనుషులుండే నేలమట్టం దగ్గరి గాలిని విమానం కొలవలేదు. అంత కిందికి దిగితే కూలిపోతుంది.

ఆ చివరి మజిలీని డ్రాప్‌సోండ్ పూర్తిచేసింది. 1970లలో బౌల్డర్‌లోని అమెరికా జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఒమేగా అనే రేడియో నావిగేషన్ సంకేతాలతో నడిచే సోండ్‌ను తయారుచేసింది. 1990లలో జీపీఎస్ తోడయ్యాక, అలల దాకా గాలి ఎలా మారుతుందో స్పష్టంగా తెలిసింది.

దాని ఫలితం ఆండ్రూ హరికేన్ కథలో కనిపిస్తుంది. 1992 ఆగస్టులో దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసం చేసిన ఆండ్రూ గాలి వేగం గంటకు 145 మైళ్లని అప్పట్లో లెక్కగట్టారు. విమానం ఎగిరే మూడు కిలోమీటర్ల ఎత్తులోని గాలిలో ముప్పాతిక వంతుకు కాస్త పైనే నేలను తాకుతుందని అప్పటి అంచనా. హరికేన్ కంటిగోడలో, అంటే కంటి చుట్టూ ఉండే బలమైన గాలుల వలయంలో, అది దాదాపు తొంభై శాతమని తర్వాత డ్రాప్‌సోండ్‌లు చూపాయి. 2002లో లెక్క సరిదిద్దారు: 165 మైళ్లు. హరికేన్ల తీవ్రత కొలమానంలో ఆండ్రూ నాలుగో శ్రేణి నుంచి ఐదో శ్రేణికి చేరింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన తీరం మనది. బంగాళాఖాతంలో తుపాను లేస్తే నేటికీ ప్రధానంగా ఉపగ్రహాలు, రాడార్లే మనకు దిక్కు. క్రమం తప్పకుండా డ్రాప్‌సోండ్‌లు వదిలే విమానాలు మనకు లేవు. అవి రావాలి. సముద్రంలో పోయే అట్టగొట్టం ఖరీదు, ఒడ్డున నిలిచే ప్రాణం ముందు ఏపాటిది?